నోటి, గొంతు క్యాన్సర్: చికిత్స తేల్చుకునే మష్వరాలో పేషెంటు కూడా ఉండాలి

"అబ్బాకి చెప్పకండి డాక్టర్ సాబ్, తట్టుకోలేరు."

క్యాన్సర్ ఆస్పత్రిలో ఓపీ గది ముందు ఒక పూట కూర్చుంటే ఈ మాట ఎన్నోసార్లు వినపడుతుంది. పెద్దకొడుకు రిపోర్టుల ఫైలు పట్టుకుని లోపలికి వెళ్తాడు. వెనకే అల్లుడు. అబ్బా మాత్రం బయట బెంచీ మీద తస్బీహ్ తిప్పుకుంటూ ఉండిపోతారు. లోపల ఆయన నాలుక గురించి, దవడ గురించి, గొంతు గురించి తేల్చేస్తారు. ఆయనకి సంగతి తెలిసేది ఆపరేషన్ అయ్యి కళ్లు తెరిచాక, మాట రానప్పుడు.

తినడం, మింగడం, మాట్లాడటం, ఊపిరి తీయడం, నలుగురికీ ముఖం చూపించడం. ఈ ఐదు పనులూ తల, మెడ భాగంలోనే జరుగుతాయి. అందుకే ఇక్కడ వచ్చే క్యాన్సర్‌కి చికిత్స ఏదో ఎంచుకోవడం అంటే, బతుకు ఎలా ఉండాలో కూడా ఎంచుకోవడమే. ఆ ఎంపికలో ఏవేం ఉంటాయి, డాక్టర్‌ని ఏం అడగాలి, ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలి అనేవి ఈ వ్యాసంలో చూద్దాం.

ఏయే క్యాన్సర్లు ఇందులోకి వస్తాయి?

పెదవులు, నాలుక, బుగ్గ లోపలి భాగం, చిగుళ్లు, అంగిలి, టాన్సిల్స్, గొంతు వెనక భాగం, స్వరపేటిక, ముక్కు, ముక్కు పక్కన సైనస్‌లు, లాలాజల గ్రంథులు. వీటిలో వచ్చేవాటిని కలిపి తల, మెడ క్యాన్సర్లు అంటారు. మన దేశంలో మగవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటి స్థానం. కారణాలు అందరికీ తెలిసినవే: గుట్కా, ఖైనీ, జర్దా పాన్, బీడీ, సిగరెట్, మద్యం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకు అలవాటైన అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే క్యాన్సర్ గురించి మన వైద్యులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు.

మన ఇళ్లల్లో చాలామంది ఒక పొరపాటు పడుతుంటారు. "నానీ జర్దా వేసుకోదు, ఉత్త వక్కే" అని ధీమాగా ఉంటాం. పొగాకు కలవకపోయినా వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది.

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ కనిపించినా, గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా, మెడలో గడ్డ తగిలినా, నోరు మునుపటంత తెరుచుకోకపోయినా వెంటనే చూపించుకోవాలి. నిఖాబ్ వేసుకునే ఆడవాళ్లు బుగ్గ మీద వాపుని కూడా నెలల తరబడి దాచేస్తుంటారు. ఆ నెలలే తర్వాత చికిత్సను పెద్దది చేస్తాయి.

మొదటి నిర్ణయం: పేషెంటుకి చెప్పడం

ప్రేమతోనే దాస్తాం, నిజమే. కానీ నోరూ గొంతుకి వచ్చిన జబ్బు దాగదు. రేడియేషన్ విభాగం బయట ఉన్న బోర్డు చదివినా, పక్క బెడ్ మనిషి మాట విన్నా తెలిసిపోతుంది. అప్పటిదాకా ఇంట్లో అందరూ అబద్ధం చెప్పారని కూడా తెలుస్తుంది. ఆ తర్వాత ఆయన ఎవరి మాట నమ్మాలి?

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. స్పృహలో ఉండి, మంచీచెడూ అర్థం చేసుకోగల పెద్దవాళ్ల విషయంలో అనుమతి వాళ్లే ఇవ్వాలి. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇదే చెప్పింది. పేషెంటు మత్తులో ఉండగా ఆమె తల్లి దగ్గర తీసుకున్న అనుమతి చెల్లదంది. ఒక పనికి తీసుకున్న అనుమతితో, ప్రాణాపాయం ఉంటే తప్ప, ఇంకో పని చేయకూడదని కూడా తేల్చింది. కాబట్టి అమ్మీ ఆపరేషన్ కాగితం మీద అమ్మీ సంతకమే ఉండాలి. కొడుకూ భర్తా సాక్షులు మాత్రమే.

ఎంత చెప్పాలో మాత్రం పేషెంటునే అడగాలి. "అమ్మీ, డాక్టర్ చెప్పేవన్నీ నువ్వే వింటావా, లేక మేం విని చెప్పమంటావా?" అని ఒక్క మాట. "నాకవన్నీ వద్దు బేటా, నువ్వే చూసుకో" అని ఆమె అంటే, అదీ ఆమె తీసుకున్న నిర్ణయమే. దాన్ని గౌరవించాలి. ఆమెను అడగకుండానే "అమ్మీకి తెలియకూడదు" అని మనం అనుకోవడం వేరు.

మష్వరా చేసుకోవడం మనకి దీన్ నేర్పిన పద్ధతి. ఎవరి శరీరం గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషిని పక్కన పెట్టి చేసేది మష్వరా ఎలా అవుతుంది? ఇస్తిఖారా చేసుకోవాలనుకుంటే తప్పకుండా చేసుకోండి. అదే వారంలో డాక్టర్‌నీ కలవండి. దువా, రుఖ్యా చికిత్సతో పాటు సాగాలి. వాటి కోసం చికిత్స ఆపకూడదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) చెప్పిన విషయం మనందరికీ తెలిసిందే.

నిర్ణయానికి ముందు చేతిలో ఉండాల్సినవి

ఒకటి, బయాప్సీ రిపోర్టు. "కత్తి పడితే క్యాన్సర్ పాకుతుంది" అనే భయంతో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది నిజం కాదు. చిన్న ముక్క తీసి పరీక్షించనిదే ఏ జబ్బో తెలియదు.

రెండు, సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ స్కాన్. గడ్డ ఎంత లోతుకి వెళ్లింది, దవడ ఎముకను తాకిందా, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందా అనేది అందులో తెలుస్తుంది. కొందరికి ఛాతీ స్కాన్ గానీ పెట్ స్కాన్ గానీ అవసరం అవుతుంది.

మూడు, స్టేజ్. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తల, మెడ క్యాన్సర్‌లో నాలుగో స్టేజ్ అనగానే అంతా అయిపోయిందని అర్థం కాదు. నాలుగో స్టేజ్‌లోనే ఏ, బీ, సీ అని మెట్లున్నాయి. దవడ ఎముకకో, మెడ గ్రంథులకో పాకి, ఊపిరితిత్తుల్లాంటి దూరపు అవయవాలకు చేరకపోతే నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స మొదలుపెట్టడం మామూలే. "నాలుగో స్టేజ్ అన్నారు, ఇక ఇంటికి తీసుకెళ్దాం" అని ఫైలు మూసేసే ముందు "నాలుగులో ఏది?" అని అడగండి.

నాలుగు, చికిత్స ఉద్దేశం. నయం చేయడానికా, జబ్బుని కొంతకాలం అదుపులో పెట్టడానికా, బాధ తగ్గించడానికా? ఈ ప్రశ్నకి సూటిగా జవాబు అడగండి. ఇది తెలియకుండా ఇల్లు తాకట్టు పెట్టే కుటుంబాలున్నాయి. నయమయ్యే జబ్బుని వదులుకున్న కుటుంబాలూ ఉన్నాయి.

సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి కేసు చూశారా అని కూడా అడగాలి. పెద్ద ఆస్పత్రుల్లో దీనికి ట్యూమర్ బోర్డు ఉంటుంది. ఒక్కరే చూస్తే ఆ ఒక్కరి విద్యే దారి అవుతుంది.

నోటి క్యాన్సర్: ఆపరేషన్ గురించి తెలుసుకోవాల్సింది

నాలుక, బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్‌కి సాధారణంగా మొదటి చికిత్స ఆపరేషనే. తొలి దశలో చాలామందికి అదొక్కటే సరిపోతుంది. జబ్బు ముదిరితే ఆ తర్వాత రేడియేషన్, కొందరికి కీమో కూడా కలుస్తాయి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమైతే ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. "గాయం బాగా మానాక, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చూద్దాం" అంటే కుదరదు.

"మెడలో ఏ గడ్డా లేదు కదా, గ్రంథులు ఎందుకు తీస్తారు?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లే వెతికారు. 2015లో వెలువడిన వారి అధ్యయనంలో, తొలి దశ నోటి క్యాన్సర్ ఉన్నవారిలో మొదటి ఆపరేషన్‌లోనే మెడ గ్రంథులు తీసినవాళ్లు మూడేళ్ల తర్వాత 100కి 80 మంది బతికున్నారు. గడ్డ బయటపడ్డాకే తీద్దామని ఆగినవాళ్లలో 67 లేక 68 మంది. కాబట్టి ఆ సలహా వెనక బలమైన కారణం ఉంది. దానికి చెల్లించే వెల భుజం పట్టేయడం, చెయ్యి పైకి లేవకపోవడం. దర్జీ పని చేసేవాళ్లు, మేస్త్రీలు, బరువులెత్తేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పి, ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగాలి.

గడ్డ తీసిన చోట ఖాళీ పూడ్చడానికి ఛాతీ నుంచో, ముంజేతి నుంచో, తొడ నుంచో చర్మమూ కండా తెచ్చి కుడతారు. దవడ ఎముక పోతే కాలి ఎముకతో కొత్త దవడ కడతారు. ఎక్కడి నుంచి తీస్తారన్నది అడగదగ్గ విషయమే. నిలబడి పనిచేసే మనిషికి కాలు ముఖ్యం. చేతిపని చేసేవాళ్లకి ముంజెయ్యి ముఖ్యం. ఆడవాళ్లకి ఛాతీ మీద మచ్చ బాధ కలిగించవచ్చు. ప్రతిసారీ మనం కోరిందే కుదరదు. అయినా చెబితేనే కదా డాక్టర్‌కి తెలిసేది.

గడ్డం తీయాల్సి రావచ్చు. రేడియేషన్ పడిన చోట మళ్లీ రాకపోవచ్చు కూడా. చాలామంది మగవాళ్లు దీన్ని బయటికి చెప్పుకోలేక లోపల కుమిలిపోతారు. చికిత్స కోసం తప్పనిసరైతే ఏం చేయాలో ముందే ఒక ఆలిమ్‌ని అడిగి మనసు కుదుటపరుచుకోండి.

స్వరపేటిక: గొంతు నిలుపుకోవడమా, తీసేయడమా?

ఎంపిక అన్నింటికంటే కష్టమైన చోటు ఇదే. ఒక ఉదాహరణ అనుకుందాం. మస్జిద్‌లో పాతికేళ్లుగా అజాన్ ఇచ్చే మనిషికి స్వరపేటికలో క్యాన్సర్ వచ్చింది.

తొలి దశలోనే దొరికితే ఒక్క రేడియేషన్‌తో గానీ, లేజర్ ఆపరేషన్‌తో గానీ నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది, గొంతూ మిగులుతుంది. కాస్త ముదిరితే రెండు దారులు ముందుకొస్తాయి. ఒకటి, స్వరపేటిక మొత్తం తీసేసి మెడ ముందు శాశ్వతంగా ఒక రంధ్రం పెట్టడం. ఊపిరి ఇక దానిలోంచే. రెండోది, కీమో, రేడియేషన్‌లతో స్వరపేటికను కాపాడుకునే ప్రయత్నం.

1991లో అమెరికాలోని మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనం ఈ రెండింటినీ పోల్చి చూసింది. రెండేళ్ల తర్వాత రెండు వైపులా 100కి 68 మంది బతికున్నారు. కీమో, రేడియేషన్ దారి పట్టినవాళ్లలో 64 శాతం మందికి స్వరపేటిక నిలిచింది. అంటే ప్రాణం విషయంలో తేడా లేకుండానే చాలామంది గొంతు దక్కించుకున్నారు. అప్పటి నుంచే ఈ ఎంపిక పేషెంటు ముందు పెట్టడం మొదలైంది.

అందరికీ ఇది కుదరదు. జబ్బు మృదులాస్థిని తొలుచుకుని బయటికి వచ్చినా, ఇప్పటికే మింగుతుంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా, పని చేయని స్వరపేటికను కాపాడుకుని లాభం ఉండదు. అప్పుడు ఆపరేషనే మేలు. గొంతు మిగిలినా కొందరికి మింగడం కష్టమైపోతుంది. "స్వరపేటిక మిగలడమే కాదు, మాటా మింగడమూ ఎంతవరకు మిగులుతాయి?" అని అడగండి.

స్వరపేటిక తీసేసినంత మాత్రాన మూగబోవడం కాదు. శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య చిన్న వాల్వు పెట్టి మాట్లాడించవచ్చు. మెడకి ఆనించి మాట్లాడే కరెంటు పరికరం ఉంది. అన్నవాహికతో గాలి పలికించే సాధన ఉంది. గొంతు మారుతుంది. మనవడితో మాట్లాడగలరు, ఫోన్ ఎత్తగలరు. అజాన్ మాత్రం ఇంకొకరికి అప్పగించాల్సి రావచ్చు. ఆ మనిషి ఏది ఎంచుకుంటారో ఇంకొకరు చెప్పలేరు. "గొంతు పోయినా పర్వాలేదు, జబ్బు తిరిగి రాకూడదు" అనేవారున్నారు. "ముందు గొంతు కాపాడే దారి చూద్దాం, కాకపోతే అప్పుడు ఆపరేషన్" అనేవారూ ఉన్నారు. రెండూ సరైన జవాబులే, చెప్పింది ఆయనే అయితే.

రేడియేషన్, కీమో: ముందే తేల్చుకోవాల్సినవి

మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారు. వారానికి ఐదు రోజులు, ఆరు నుంచి ఏడు వారాలు. మొత్తం 30 నుంచి 35 సిట్టింగులు. ఒక్కో సిట్టింగు కొన్ని నిమిషాలే, నొప్పి ఉండదు. మధ్యలో మానేయడమే అసలు ప్రమాదం. అనుకున్నదానికంటే చికిత్స ఒక్కో రోజు సాగేకొద్దీ జబ్బుని అదుపు చేసే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుందని డాక్టర్లు లెక్క చెబుతారు. కాబట్టి మొదలుపెట్టే ముందే ఈ ఏడు వారాలు ఎక్కడ ఉంటారు, ఎవరు తోడుంటారు, పనికి సెలవు ఎలా అన్నది చూసుకోండి.

మొదలవ్వక ముందే పళ్ల డాక్టర్‌ని కలవాలి. పాడైన పళ్లు తీయించాలి, గాయం మానడానికి రెండు వారాలైనా వ్యవధి ఉండాలి. రేడియేషన్ పడిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక కుళ్లిపోయే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, పన్ను పీకించుకునే ముందు "నాకు రేడియేషన్ అయింది" అని చెప్పి తీరాలి.

రెండో, మూడో వారం నుంచి నోరు పూసి మంట మొదలవుతుంది. రుచి పోతుంది, ఉమ్మి జిగటగా మారుతుంది, మింగడం కష్టమవుతుంది. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజుకి చాలాసార్లు పుక్కిలించాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంటను పెంచుతుంది, దాని జోలికి వెళ్లొద్దు. రుచి కొన్ని నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది. నోరు ఎండిపోవడం కొందరికి అలాగే మిగిలిపోతుంది.

"పైపు పెట్టించుకోను, చచ్చేవాళ్లకి పెడతారు" అని మొండికేసేవాళ్లు చాలామంది. నిజానికి ముక్కు నుంచి వేసే గొట్టం గానీ, కడుపుకి పెట్టే గొట్టం గానీ చికిత్స ఆగకుండా నడవడానికే. అయిపోయి, మింగడం కుదురుకున్నాక ఎక్కువమందికి తీసేస్తారు. ఎన్ని కిలోలు తగ్గితే పైపు వేయాలో ముందే మాట్లాడుకుంటే, నీరసపడ్డ రోజున ఇంట్లో గొడవ ఉండదు. డాక్టర్ వద్దనకపోతే పైపు ఉన్నా కొంచెం కొంచెం మింగుతూనే ఉండాలి. మింగడం మానేస్తే కండరాలు ఆ పని మరిచిపోతాయి. గుడ్డు, పెరుగు, రాగిజావ, పలుచటి ఖిచిడీ, మసాలా లేకుండా మిక్సీ పట్టిన హలీం లాంటివి పనికొస్తాయి.

రేడియేషన్‌తో కీమో కలిపితే లాభం ఎంత? చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, ఐదేళ్ల తర్వాత బతికున్నవారు 100కి అదనంగా ఆరేడుగురు. 70 ఏళ్లు దాటినవాళ్లలో ఆ లాభం స్పష్టంగా కనిపించలేదు. ఎక్కువగా వాడే మందు సిస్‌ప్లాటిన్. ఇది కిడ్నీల మీద, వినికిడి మీద పడవచ్చు, వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. చెవులతో బతికే టీచర్‌కి, పిల్లలకి ఖుర్ఆన్ నేర్పే హాఫిజ్‌కి, సూదిదారంతో బతికే దర్జీకి ఇవి చిన్న విషయాలు కావు. షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే తప్పక చెప్పాలి. సిస్‌ప్లాటిన్ సరిపడని వాళ్లకి డోసిటాక్సెల్ ఇవ్వవచ్చని టాటా మెమోరియల్ అధ్యయనం 2023లో చూపించింది. హకీం మందులు, నాటు మందులు ఏవైనా వాడుతుంటే దాచొద్దు. కీమో సమయంలో కొన్ని కిడ్నీలనీ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి.

గుట్కా, బీడీ మానకుండా రేడియేషన్ తీసుకుంటే దాని పని తగ్గుతుంది. మానడానికి సాయం కావాలంటే ప్రభుత్వ ఉచిత నంబర్ 1800-11-2356.

రోజా, ఉజూ, నమాజ్

రోగులకు రోజా విషయంలో వెసులుబాటు సూరహ్ బఖరాలోనే ఉంది. రేడియేషన్, కీమో నడుస్తున్నప్పుడు పగలంతా నీళ్లు తాగకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి, బరువు తగ్గుతుంది, చికిత్స ఆగుతుంది. "రంజాన్ అయ్యాక మొదలుపెడదాం" అని వాయిదా వేయడం ఇంకా ప్రమాదం. ఖజా ఎప్పుడు, ఫిద్యా ఎవరికి అనేది ముఫ్తీ సాబ్‌ని అడగండి. అడిగేటప్పుడు డాక్టర్ చెప్పిన మాటను ఉన్నదున్నట్టు చెప్పండి.

మెడలో రంధ్రం ఉన్నవాళ్లు ఉజూ, గుస్ల్ చేసేటప్పుడు అందులోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి. అటు నుంచి నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. చెరువులో, ఈతకొలనులో దిగకూడదు. రేడియేషన్ నడిచే చర్మాన్ని రుద్దకూడదు. నీళ్లు హాని చేసేటప్పుడు తయమ్ముమ్ ఉంది, నిలబడలేనప్పుడు కూర్చునీ, పడుకునీ చేసే నమాజ్ ఉంది. దీన్ మనిషి శక్తికి మించి అడగదు.

ఆడవాళ్లకు మాస్కు తయారుచేసేటప్పుడు ముఖం, మెడ, భుజాలు తెరవాల్సి వస్తుంది. మహిళా టెక్నీషియన్ కావాలని ముందే అడగవచ్చు. ఉంటే ఏర్పాటు చేస్తారు. లేరని చికిత్స ఆపుకోవద్దు.

ఖర్చు, రెండో అభిప్రాయం

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ చికిత్సకు వర్తిస్తాయి. తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆస్పత్రిలో చేరే ముందే అక్కడి హెల్ప్ డెస్క్‌లో మూడు విషయాలు అడగండి: ఈ ఆపరేషన్ కార్డులో ఉందా, ఏది లేదు, బయట కొనాల్సినవి ఏమిటి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి తక్కువ ఖర్చుతో చూపించుకోవడానికి ఉన్నాయి.

రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టర్‌ని అవమానించడం కాదు, పేషెంటు హక్కు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య నిబంధనలు చెబుతున్నాయి. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు, స్కాన్ సీడీ కూడా అడిగి తీసుకోండి. ముంబయి దాకా వెళ్లలేనివాళ్లు టాటా మెమోరియల్ డాక్టర్ల అభిప్రాయాన్ని నవ్య అనే ఆన్‌లైన్ సేవ ద్వారా పొందవచ్చు. ఇదంతా ఒకటి రెండు వారాల్లో ముగించాలి. వారం రోజుల ఆలోచన మంచిదే, మూడు నెలల ఆలోచన జబ్బుకి ఇచ్చిన గడువు.

నయం కాదని తేలినప్పుడు

జబ్బు దూరం పాకినా, తిరిగొచ్చి ఆపరేషన్‌కి లొంగకపోయినా, అప్పుడూ ఎంపికలుంటాయి. 2020లో వెలువడిన టాటా మెమోరియల్ అధ్యయనంలో, ఇంట్లో వేసుకునే రెండు రకాల మాత్రలు (మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్) తీసుకున్నవాళ్ల సగటు ఆయుష్షు ఏడున్నర నెలలు. సెలైన్‌లో సిస్‌ప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్లది ఆరు నెలల పైచిలుకు. తక్కువ డబ్బుతో, ఆస్పత్రి చుట్టూ తిరగకుండా ఇంట్లో ఉండి తీసుకున్న మందు వెనకబడలేదన్నమాట. ఇమ్యునోథెరపీ మందు నివోలుమాబ్‌ను చాలా చిన్న మోతాదులో మాత్రలతో కలిపి ఇస్తే ఏడాది దాటి బతికినవాళ్లు పెరిగారని ఇంకో అధ్యయనం చూపింది. ఉన్నదంతా అమ్మి పెద్ద మోతాదు కొనాలా అనుకునే ముందు ఈ రెండింటి గురించి కీమో డాక్టర్‌ని అడగండి.

పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడం అనుకుంటారు. నొప్పి, వాసన, ఊపిరాడకపోవడం, నిద్ర పట్టకపోవడం, వీటన్నింటికీ అక్కడ వైద్యం ఉంటుంది. ఎంఎన్‌జేలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. నొప్పికి డాక్టర్ రాసిన మార్ఫిన్ తీసుకుంటే వ్యసనం అవుతుందని భయపడి మనిషిని నరకం అనుభవించనివ్వొద్దు. చివరి రోజులు ఎక్కడ గడపాలి, వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది, నోటరీ ముందు చేసుకున్నా సరిపోతుంది. దీని గురించి ఆలిమ్‌తోనూ మాట్లాడండి. మాట ఉన్నప్పుడే అడిగి పెట్టుకోండి. ఈ జబ్బులో మాటే ముందు పోతుంది.

డాక్టర్ గదిలోకి తీసుకెళ్లాల్సిన ప్రశ్నలు

1. జబ్బు ఎక్కడ ఉంది, ఏ స్టేజ్, దూరం పాకిందా?
2. చికిత్స నయం చేయడానికా, అదుపు చేయడానికా?
3. ఇంకో దారి ఉందా? ఉంటే దాన్ని ఎందుకు కాదంటున్నారు?
4. ఆరు నెలల తర్వాత నేను ఏం తినగలను, ఎలా మాట్లాడగలను?
5. నా పని మళ్లీ చేసుకోగలనా? ఎప్పటి నుంచి?
6. పైపు పడుతుందా, మెడలో రంధ్రం పెడతారా? అది తాత్కాలికమా, శాశ్వతమా?
7. పళ్లు, మింగడం, మాట, భుజం విషయంలో ఎవరిని కలవాలి?
8. మొత్తం ఖర్చులో కార్డు ఎంత భరిస్తుంది?
9. ఏమీ చేయించుకోకపోతే ఏమవుతుంది?

ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. జవాబులు రాసుకోండి. డాక్టర్ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఇంటికెళ్లాక అమ్మీకి దఖ్నీలోనో తెలుగులోనో నెమ్మదిగా మళ్లీ వినిపించవచ్చు.

చికిత్స అయ్యాక చెకప్‌లు మానొద్దు. తిరిగొచ్చే జబ్బు ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుంది. మెడకి రేడియేషన్ అయినవాళ్లు ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. దిగులు, నిద్రలేమి, అద్దం చూసుకోలేకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ కౌన్సెలర్లు మాట్లాడతారు.

మళ్లీ ఆ ఓపీ గది ముందుకు వద్దాం. ఈసారి ఫైలు పట్టుకుని లోపలికి వెళ్లేటప్పుడు బెంచీ మీద ఉన్న అబ్బాని కూడా లేపండి. డాక్టర్ ఎదురుగా ఉండే కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడండి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. మన వంతు ప్రయత్నం ఎలా చేయాలో చెప్పాల్సింది మాత్రం ఆ కుర్చీలోని మనిషి.

జబ్బుతో ఉన్న ప్రతి ఒక్కరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.